స్కెచ్ పాయింట్ల మీద హోల్స్ వేయడం: తరచుగా అడిగే ప్రశ్నలు

బాలానగర్‌లో పగలంతా డ్రాయింగులు గీస్తాను. వారంలో మూడు సాయంత్రాలు అమీర్‌పేటలో కొందరు కుర్రాళ్ళకి క్యాడ్, అంటే కంప్యూటర్‌లో పార్టులు గీయడం, చెబుతాను. రెండుచోట్లా ఎక్కువగా వినిపించే ప్రశ్నలు హోల్స్ గురించే. ఎక్స్‌ట్రూడ్ (గీసిన ఆకారానికి మందం ఇవ్వడం), ఫిల్లెట్ (అంచు గుండ్రం చేయడం) రెండు రోజుల్లో వచ్చేస్తాయి. హోల్ మాత్రం అందరికీ వచ్చినట్టే ఉంటుంది, ప్లేటు చేతికి వచ్చాకే అసలు సంగతి తెలుస్తుంది. ఒకే జవాబు పదిసార్లు చెప్పే బదులు ఇక్కడ రాసి పెడుతున్నాను.

స్కెచ్ పాయింట్ అంటే అసలేమిటి?

డ్రిల్లింగ్ మెషీన్ దగ్గర పనిచేసినవాళ్ళకి ఇది ఒక్క మాటలో చెప్పొచ్చు: సెంటర్ పంచ్ గుర్తు. ప్లేటు మీద గీతలు గీసి, అవి కలిసేచోట పంచ్ పెట్టి సుత్తితో ఒక దెబ్బ వేస్తాం. చిన్న గుంట పడుతుంది. డ్రిల్ బిట్ ముక్కు జారకుండా అందులో కూర్చుంటుంది. ఆ గుంటకి సైజు లేదు, లోతు లెక్కలేదు. హోల్ ఎక్కడ రావాలో మాత్రమే చెబుతుంది.

స్కెచ్ పాయింట్ కూడా అంతే: స్కెచ్ అంటే ఒక ప్లేన్ మీద గీసే 2డీ గీతలు, పాయింట్ అందులో పెట్టే చుక్క. హోల్ ఎంత వ్యాసం, ఎంత లోతు, చూడి (బోల్టు మరలు పట్టే గాడి, థ్రెడ్) ఉందా లేదా అన్నవి హోల్ ఫీచర్ (సాఫ్ట్‌వేర్‌లో హోల్ వేసే కమాండ్) చూసుకుంటుంది. ‘ఎక్కడ’ అన్నది పాయింట్ చూసుకుంటుంది. ఈ రెండింటినీ విడదీసి ఆలోచించడం అలవాటైతే, ఈ పేజీలో సగం ప్రశ్నలు మీకు రావు.

సర్కిల్ గీసి కట్ చేస్తే పోలేదా? స్క్రీన్ మీద అదే హోల్ కదా!

స్క్రీన్ మీద అదే. లేజర్ కటింగ్‌కి వెళ్ళే పలచటి షీటు అయితే సర్కిల్ కట్‌తో పని జరిగిపోతుంది, నేనూ అలాగే చేస్తాను.

ట్యాపింగ్ (హోల్ లోపల చూడి కోయడం) ఉన్న చోట మాత్రం వద్దు. 6.8 మిల్లీమీటర్ల సర్కిల్ గీసి కట్ చేస్తే సాఫ్ట్‌వేర్‌కి అది 6.8 సర్కిల్, ఇంకేమీ కాదు. దాన్నే ఎం8 (8 మిల్లీమీటర్ల బోల్టుకి) ట్యాప్డ్ హోల్‌గా పెడితే, పిచ్ (చూడి గట్ల మధ్య దూరం) 1.25 అనీ, ట్యాప్ డ్రిల్ (ట్యాపింగ్‌కి ముందు వేసే హోల్) 6.8 అనీ, చూడి ఎంత లోతు దిగుతుందనీ ఆ ఫీచర్‌కి తెలుసు. డ్రాయింగ్‌లో కాలౌట్ (హోల్ పక్కన రాసే సైజు, సంఖ్య) దానంతటదే వస్తుంది. క్యామ్‌లో (మెషీన్ ప్రోగ్రామ్ తయారుచేసే సాఫ్ట్‌వేర్‌లో) హోల్స్‌ని తనే గుర్తుపట్టే హోల్ రికగ్నిషన్ ఉంటే వీఎంసీ (కంప్యూటర్‌తో నడిచే మిల్లింగ్ మెషీన్) ప్రోగ్రామ్ రాసేవాళ్ళకి చేతిపని తగ్గుతుంది. ఆరు నెలల తర్వాత కస్టమర్ ఎం8 తీసేసి ఎం10 పెట్టమంటే ఒకచోట మారిస్తే చాలు. సర్కిల్ కట్ అయితే ఎం10కి ట్యాప్ డ్రిల్ 8.5 అని మీకే గుర్తుండాలి, ప్రతి సర్కిల్ దగ్గరికీ వెళ్ళి మార్చాలి.

ఏ సాఫ్ట్‌వేర్‌లో ఎలా?

సాలిడ్‌వర్క్స్‌లో హోల్ విజార్డ్ తెరవండి. టైప్, పొజిషన్స్ అని రెండు ట్యాబులు ఉంటాయి. టైప్‌లో సైజు పెట్టి పొజిషన్స్‌కి రండి. కొత్త వెర్షన్లలో ఎగ్జిస్టింగ్ స్కెచ్ అన్న బటన్ అక్కడే ఉంటుంది, పాత స్కెచ్‌ని చూపిస్తే దాని పాయింట్ల మీద హోల్స్ పడతాయి. పాత వెర్షన్ వాడేవాళ్ళు పొజిషన్స్ స్కెచ్‌లో కొత్త పాయింట్ పెడుతూ, దాన్ని పాత స్కెచ్ పాయింట్‌కి కోఇన్సిడెంట్ (దాని మీదే అతుక్కుని ఉండేలా) చేయాలి. రెండు, మూడు హోల్స్‌కి ఫర్వాలేదు. నలభై అయితే మాత్రం ఒక హోల్ వేసి, స్కెచ్ డ్రివెన్ ప్యాటర్న్‌తో మిగతా పాయింట్లకి పంచేయడం మేలు.

ఇన్వెంటర్‌లో ఇది అన్నిటికన్నా హాయి. స్కెచ్ కనిపిస్తూ ఉండి, ఇంకా ఏ ఫీచర్‌కీ వాడకపోతే, హోల్ కమాండ్ నొక్కగానే అందులోని సెంటర్ పాయింట్లన్నిటినీ అదే ఎంచుకుంటుంది. హాయి అన్నానని వదిలేయకండి, వద్దనుకున్న పాయింట్లని కూడా అదే ఉత్సాహంతో పట్టుకుంటుంది.

ఫ్యూజన్‌లో హోల్ డైలాగ్‌లో ప్లేస్‌మెంట్ అని ఉంటుంది. ఒకే హోల్ పెట్టేది ఒక రకం, స్కెచ్ నుంచి చాలా హోల్స్ పెట్టేది ఇంకో రకం. రెండోది నొక్కి పాయింట్లని ఎంచుకోండి. చాలామంది మొదటిదాన్నే పెట్టుకుని ‘ఒక్కటే పడుతోంది సార్’ అంటారు.

ఫ్రీక్యాడ్ దారి వేరు. పార్ట్ డిజైన్‌లోని హోల్, 1.0 వెర్షన్ వరకు, ఉత్త పాయింట్లని లెక్కలోకి తీసుకోదు. సర్కిల్ గానీ ఆర్క్ గానీ ఉండాలి. దాని సెంటర్ మాత్రమే తీసుకుంటుంది, మీరు గీసిన సర్కిల్ వ్యాసాన్ని అసలు పట్టించుకోదు. 3 మిల్లీమీటర్ల సర్కిల్ గీసి 9 హోల్ అడిగితే 9 వేస్తుంది. ఒక హోల్ తాత్కాలికంగా వద్దనుకుంటే ఆ సర్కిల్‌ని కన్‌స్ట్రక్షన్‌గా (ఆసరాకి మాత్రమే ఉండే గీతగా) మార్చేయండి, అది తప్పుకుంటుంది.

ఆన్‌షేప్‌లో హోల్ ఫీచర్ స్కెచ్ పాయింట్లనే అడుగుతుంది, ఇవ్వడమే. ఎన్‌ఎక్స్ కూడా పాయింట్లని నేరుగా తీసుకుంటుంది. కాటియాలో అయితే ఒక హోల్ వేసి యూజర్ ప్యాటర్న్‌కి పాయింట్లున్న స్కెచ్‌ని చూపించాలి. క్రియోలో పాయింట్ ప్యాటర్న్ అదే పని చేస్తుంది.

పాయింట్లు కళ్ళముందే ఉన్నాయి, హోల్ కమాండ్ పట్టుకోవడం లేదు. ఎందుకు?

నా అనుభవంలో కారణాలు ఇవే.

స్కెచ్ దాగిపోయి ఉంటుంది. చాలా సాఫ్ట్‌వేర్లలో స్కెచ్‌ని ఒకసారి ఎక్స్‌ట్రూడ్‌కి వాడగానే దాన్ని దాచేస్తారు. ఫ్యూజన్‌లో బ్రౌజర్‌లోని కన్ను గుర్తు నొక్కండి. ఇన్వెంటర్‌లో ఆ స్కెచ్ ఎక్స్‌ట్రూజన్ కిందికి వెళ్ళిపోయి ఉంటుంది, రైట్ క్లిక్ చేసి షేర్ స్కెచ్ అనండి, పైకి వస్తుంది.

ఇన్వెంటర్‌లోనే ఇంకో చిక్కు. మామూలు పాయింట్ వేరు, సెంటర్ పాయింట్ వేరు. హోల్ కమాండ్ తనంతట తాను పట్టుకునేది సెంటర్ పాయింట్‌నే. ఫార్మాట్ ప్యానెల్‌లో మార్చుకోవచ్చు.

స్కెచ్ ఎడిట్‌లోనే ఉండిపోయిందేమో చూడండి. నవ్వకండి, నాకూ జరుగుతుంది, ముఖ్యంగా భోజనం తర్వాత.

హోల్ పడింది కానీ ప్లేటు తెగలేదంటే దిశ చూడాలి. స్కెచ్ ప్లేన్‌కి ఏ వైపు మెటల్ ఉందో సాఫ్ట్‌వేర్ ఊహిస్తుంది, కొన్నిసార్లు గాలిలోకి డ్రిల్ చేస్తుంది. ఫ్లిప్ నొక్కండి. ఇంకోటి: స్కెచ్ ప్లేన్ ప్లేటుకి 10 మిల్లీమీటర్ల పైన ఉండి, మీరు 15 లోతు అడిగితే, లోతుని పాయింట్ నుంచే కొలిచే సాఫ్ట్‌వేర్‌లో ప్లేటులోకి దిగేది 5 మాత్రమే. త్రూ హోల్ (ప్లేటు ఆరపారుగా దిగేది) అయితే ఇది బయటపడదు. బ్లైండ్ హోల్‌కే (మధ్యలో ఆగిపోయేదానికే) దెబ్బ. అందుకే హోల్స్ కోసం గీసే స్కెచ్‌ని నేరుగా ప్లేటు ముఖం మీదే గీయమంటాను.

8 పాయింట్లు పెడితే 9 హోల్స్ వచ్చాయి. ఇదేం దెయ్యం?

ఈ దెయ్యాన్ని నేనే ఒకసారి తయారు చేశాను.

12 మిల్లీమీటర్ల ఎంఎస్ (మైల్డ్ స్టీల్) ప్లేటు, 8 ట్యాప్డ్ హోల్స్, ఎం8. రాత్రి తొమ్మిదికి ఫైల్ పంపాలి. పాత డీఎక్స్‌ఎఫ్ (2డీ డ్రాయింగ్ ఫైల్) తెచ్చి పెట్టుకుని దాని సెంటర్ల మీద పాయింట్లు పెట్టుకుంటూ వెళ్ళాను. ఒక చోట స్నాప్ (కర్సర్ సెంటర్‌కి అతుక్కోవడం) తగల్లేదు, పాయింట్ పక్కన పడింది. మళ్ళీ క్లిక్ చేశాను, ఈసారి సరిగ్గా కూర్చుంది. మొదటిది చెరపడం మర్చిపోయాను. రెండింటి మధ్యా 0.3 మిల్లీమీటర్లు. ప్లేటంతా స్క్రీన్‌లో పట్టేలా చూస్తే ఆ తేడా కంటికి ఆనదు.

పొద్దున్న వీఎంసీ మీద కుర్రాడు ఫోన్ చేశాడు: ‘అన్నా, ప్రోగ్రామ్‌ల తొమ్మిది వస్తున్నయ్, డ్రాయింగ్‌ల ఎనిమిదే ఉన్నయ్. ఏది కరెక్టు?’ అప్పటికే ఒక ప్లేటు అయిపోయింది. ఒక హోల్‌లో డ్రిల్ రెండోసారి 0.3 పక్కకి దిగింది. రెండోసారి బిట్‌కి ఒక వైపే మెటల్ తగిలి అది పక్కకి గుంజింది. హోల్ గుండ్రంగా లేదు, 6.8 ఉండాల్సింది ఒక వైపు 7.1 దాకా ఉంది. అందులో ట్యాప్ దింపితే ఆ వైపు చూడి సగమే పట్టింది. ప్లేటు స్క్రాప్. డబ్బు నాదే పోయింది, తప్పు నాదే కాబట్టి అడగడానికి ఎవరూ లేరు.

అప్పటి నుంచి హోల్ ఫీచర్ పెట్టగానే లెక్క చూస్తాను. ఎంచుకున్న పాయింట్లు ఎన్ని అని డైలాగ్‌లో చూడండి, డ్రాయింగ్‌లో కాలౌట్ ముందున్న అంకెతో పోల్చండి. రెండు పాయింట్లు సరిగ్గా ఒకదాని మీద ఒకటి ఉంటే ఆకారం మారదు, లెక్క మాత్రమే మారుతుంది, అప్పుడు ఆ అంకె ఒక్కటే సాక్షి. అనుమానం ఉంటే స్కెచ్‌లోకి వెళ్ళి ఒక్కో పాయింట్‌ని మౌస్‌తో పట్టి లాగండి. కట్టి లేనిది కదిలిపోతుంది, దాని కింద ఇంకోటి ఉంటే కనిపిస్తుంది.

‘కట్టి ఉండటం’ అంటే? పాయింట్లకి డైమెన్షన్లు ఎలా ఇవ్వాలి?

ఈ ఒక్క జవాబు కోసమే మిగతా పేజీ రాశానన్నా తప్పులేదు. హోల్ ఫీచర్ పెట్టడం రెండు నిమిషాల పని. పాయింట్లని కట్టడంలోనే, అంటే డైమెన్షన్లతో, కోఇన్సిడెంట్ లాంటి షరతులతో వాటిని కదలకుండా చేయడంలోనే, డిజైన్ ఉంటుంది.

ఉదాహరణకి ఒక ఫ్లాంజ్ (పైపు చివర బోల్టులతో బిగించే గుండ్రటి ప్లేటు) తీసుకోండి. పీసీడీ (హోల్స్ సెంటర్లన్నీ కూర్చునే సర్కిల్ వ్యాసం) 120, 8 హోల్స్. కొత్తగా నేర్చుకునేవాళ్ళు ఏం చేస్తారంటే, ప్రతి పాయింట్‌కీ మధ్య నుంచి ఎక్స్ ఇంత, వై ఇంత అని ఇస్తారు. 42.43 దగ్గర మొదలవుతుంది గొడవ. 120లో సగం 60, దాన్ని 45 డిగ్రీల దగ్గర విడగొడితే 42.426 పైన ఇంకా దశాంశాలు ఉంటాయి. మీరు 42.43 అని రాశారు. ఇప్పుడు ఆ స్కెచ్‌లో పీసీడీ అన్న మాటే లేదు. రేపు 125 చేయమంటే 16 అంకెలు మార్చాలి.

ఇలా చేయండి. మధ్యలోంచి 120 వ్యాసంతో ఒక కన్‌స్ట్రక్షన్ సర్కిల్ గీయండి. దాని మీద ఒక పాయింట్ పెట్టి కోఇన్సిడెంట్ చేయండి. ఆ పాయింట్‌ని మధ్యకి హారిజాంటల్ చేయండి. మిగతా 7 పాయింట్లని స్కెచ్‌లోనే సర్క్యులర్ ప్యాటర్న్‌తో వేయండి, లేదా 45 డిగ్రీల కన్‌స్ట్రక్షన్ గీతలతో కట్టండి. స్కెచ్ మొత్తం కట్టి ఉందని రంగు మారి తెలుస్తుంది: సాలిడ్‌వర్క్స్‌లో నీలం పోయి నలుపు వస్తుంది, ఫ్రీక్యాడ్‌లో ఆకుపచ్చ వస్తుంది. ఇప్పుడు 125 అంటే ఒకే అంకె.

మొదటి హోల్ అడ్డంగా ఉన్న గీత మీద ఉండాలా, లేక గీతకి రెండు వైపులా సమంగా 22.5 డిగ్రీల దగ్గర ఉండాలా అన్నది కూడా ఇప్పుడే అడిగి తెలుసుకోండి. పైపు ఫ్లాంజుల్లో సాధారణంగా హోల్స్ గీతకి అటూ ఇటూ వస్తాయి. ఇది తప్పితే సైజులన్నీ కరెక్టుగా ఉన్నా సైట్‌లో బోల్టు దూరదు.

వెర్నియర్ పట్టుకున్నవాళ్ళు దీన్ని ఎలా సరిచూస్తారో చూస్తే స్కెచ్ ఎలా ఆలోచించాలో అర్థమవుతుంది. హోల్ మధ్యలో వెర్నియర్ పెట్టలేం కదా. ఎదురెదురు హోల్స్ బయటి అంచు నుంచి బయటి అంచుకి కొలుస్తారు. హోల్ 9 అయితే 129 రావాలి. అందులోంచి ఒక హోల్ వ్యాసం తీసేస్తే 120. పక్కపక్క హోల్స్ సెంటర్ల మధ్య దూరం 45.92 వస్తుంది, లోపలి అంచుల మధ్య 36.92. ఫైల్ పంపే ముందు నేను మెజర్ కమాండ్‌తో ఇదే కొలత తీసుకుంటాను.

చదరపు ప్లేటులో నాలుగు మూలల హోల్స్ అయితే కన్‌స్ట్రక్షన్ రెక్టాంగిల్ గీసి, సెంటర్‌ని ఆరిజిన్‌కి కట్టి, మూలల మీద పాయింట్లు పెట్టండి. రెండు డైమెన్షన్లతో పని అయిపోతుంది.

ప్యాటర్న్ మంచిదా, పాయింట్లు మంచివా?

వరసగా, సమంగా ఉంటే ఫీచర్ ప్యాటర్న్. చెల్లాచెదురుగా ఉంటే పాయింట్లు. మోటార్ బేస్, జిగ్ ప్లేటు, ప్యానెల్ బోర్డు లాంటి వాటిలో హోల్స్ ఎప్పుడూ చెల్లాచెదురే, అక్కడ పాయింట్లకి పోటీ లేదు. వందల హోల్స్ ఉన్న జల్లెడ ప్లేటు అయితే పాయింట్ల స్కెచ్ బరువెక్కి కంప్యూటర్ మూలుగుతుంది. దానికి ప్యాటర్నే.

హోల్స్ వేశాక స్కెచ్‌లో ఇంకో పాయింట్ కలిపితే, దాని మీద హోల్ దానంతటదే వస్తుందా?

అన్నిచోట్లా రాదు. సాలిడ్‌వర్క్స్‌లో హోల్ విజార్డ్ సొంత పొజిషన్ స్కెచ్‌లో పాయింట్ కలిపితే వస్తుంది. స్కెచ్ డ్రివెన్ ప్యాటర్న్‌లోనూ వస్తుంది. ఫ్రీక్యాడ్‌లో కొత్త సర్కిల్ గీస్తే వస్తుంది. ఫ్యూజన్, ఇన్వెంటర్‌లలో హోల్ ఫీచర్‌ని మళ్ళీ ఎడిట్ చేసి కొత్త పాయింట్‌ని చూపించాలి. ఉన్న పాయింట్‌ని జరిపితే మాత్రం అన్నిచోట్లా హోల్ దాని వెంట వెళ్తుంది.

చెరిపేటప్పుడు జాగ్రత్త. పాయింట్‌ని చెరిపి అదే చోట కొత్తది పెడితే, చూడటానికి ఏమీ మారలేదు. కానీ హోల్ వెతుకుతున్నది పాతదాన్ని. ట్రీలో (ఫీచర్ల జాబితాలో) ఎర్ర గుర్తు వస్తుంది. జరపగలిగినదాన్ని చెరపకండి.

పై ప్లేటులో 9 హోల్, కింది ప్లేటులో ట్యాపింగ్. రెండింటికీ ఒకే పాయింట్లు వాడొచ్చా?

వాడొచ్చు కాదు, వాడండి. ఎం8 బోల్టు అనుకుందాం. పైన క్లియరెన్స్ హోల్ (బోల్టు వదులుగా దూరేది): అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్‌ఓ 273 ప్రకారం ఫైన్ అయితే 8.4, మీడియం అయితే 9, కోర్స్ అయితే 10. కింద ట్యాప్ డ్రిల్ 6.8. సైజులు వేరు, చోటు ఒకటే. రెండు ప్లేట్లకి రెండు స్కెచ్‌లు గీస్తే ఏదో ఒకరోజు ఒకదాన్ని మార్చి ఇంకోదాన్ని మరిచిపోతారు. పాయింట్లున్న స్కెచ్ ఒకటే పెట్టి, ఒకే ఫైల్‌లో రెండు బాడీలుగా (విడివిడి ముక్కలుగా) గీసి, రెండు హోల్ ఫీచర్లూ అక్కడి నుంచే తీసుకోండి. పైదాన్ని పెట్టేటప్పుడు కింది బాడీ తెగకుండా ఏ బాడీ తెగాలో చెప్పడం మరవకండి.

ఒకే ప్లేటులో రెండు సైజులున్నా ఇదే పద్ధతి: స్కెచ్ ఒకటి, హోల్ ఫీచర్లు రెండు. నేనైతే డోవెల్ పిన్నుల (ప్లేట్లని కచ్చితమైన చోట నిలిపే పిన్నుల) పాయింట్లని వేరే స్కెచ్‌లో పెట్టి పేరు రాసుకుంటాను. బోల్ట్ హోల్ అటూ ఇటూ అయినా సర్దుకుంటుంది, డోవెల్ సర్దుకోదు.

సైజులు గుర్తుండటం లేదు. ఒక చిన్న లెక్క చెబుతారా?

మామూలు మెట్రిక్ చూడికి: బోల్టు సైజులోంచి పిచ్ తీసేయండి. ఎం6కి పిచ్ 1, ట్యాప్ డ్రిల్ 5. ఎం5కి పిచ్ 0.8, డ్రిల్ 4.2. ఎం8కి 6.75 వస్తుంది, బజార్లో దొరికే 6.8 వాడతాం. ఎం10కి 1.5 తీసేస్తే 8.5. క్లియరెన్స్ మీడియంలో ఎం5కి 5.5, ఎం6కి 6.6, ఎం10కి 11.

అలెన్ బోల్ట్ తల ప్లేటులో మునగాలంటే కౌంటర్ బోర్ (హోల్ పైన తల కూర్చునే వెడల్పు గుంట) కావాలి. ఎం8 అలెన్ బోల్ట్ తల వ్యాసం 13, ఎత్తు 8. కౌంటర్ బోర్ 13 పెట్టి ఇరికించుకున్నవాళ్ళని చూశాను. ఒక మిల్లీమీటరో రెండో ఖాళీ ఇవ్వండి.

డీఎక్స్‌ఎఫ్‌లో వచ్చిన సర్కిళ్ళనే నేరుగా వాడొచ్చా?

సెంటర్లని వాడొచ్చు. ముందు ఒక తెలిసిన కొలత తీసి చూడండి. యూనిట్లు తారుమారైతే ప్లేటు 25.4 రెట్లు పెద్దదో చిన్నదో అయి ఉంటుంది. ఆపైన, తెచ్చిన గీతలకి ఏ కట్టూ ఉండదు, చేయి తగిలితే కదులుతాయి. కదలకుండా ఫిక్స్ చేయండి, లేదా పై జవాబులో చెప్పినట్టు కొత్తగా కట్టుకుని డీఎక్స్‌ఎఫ్‌ని నీడలా వెనక ఉంచుకోండి. ఒకే సర్కిల్ రెండుసార్లు ఉండటం డీఎక్స్‌ఎఫ్‌లలో మామూలే. తొమ్మిదో హోల్ కథ గుర్తుందిగా.

గొట్టం మీద, వంపు మీద హోల్స్ ఎలా?

వంపుకి టాంజెంట్‌గా (ఆనుకుని ఉండేలా) ఒక ప్లేన్ పెట్టి, దాని మీద పాయింట్ పెట్టండి. హోల్ ఆ ప్లేన్‌కి నిలువుగా దిగుతుంది. గొట్టం చుట్టూ నాలుగు కావాలంటే ఒకటి వేసి అక్షం చుట్టూ ప్యాటర్న్ చేయడమే సులువు. సాలిడ్‌వర్క్స్‌లో 3డీ స్కెచ్‌తో నేరుగా వంపు మీదే పాయింట్లు పెట్టొచ్చు, కానీ వాటిని డైమెన్షన్లతో కట్టడం తలనొప్పి.

ఇంట్లో ఉచితంగా నేర్చుకోవడానికి ఏది వాడాలి?

ఫ్రీక్యాడ్ పూర్తిగా ఉచితం, ఓపెన్ సోర్స్. ఫ్యూజన్‌కి పర్సనల్ లైసెన్స్ ఉంది. ఆన్‌షేప్ ఉచిత ఖాతాలో మీ ఫైళ్ళు అందరికీ కనిపిస్తాయి, కస్టమర్ డ్రాయింగులు అందులో పెట్టకండి. పద్ధతిగా నేర్చుకోవాలంటే బాలానగర్‌లో 1968 నుంచి సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్ ఉండనే ఉంది. ఎక్కడ నేర్చుకున్నా ఒక్క శనివారం ఏదైనా షెడ్డులో డ్రిల్లింగ్ మెషీన్ పక్కన నిలబడి చూడండి. బ్లైండ్ హోల్ అడుగున 118 డిగ్రీల కోణం ఎందుకుందో ఏ పుస్తకమూ చెప్పనంత బాగా ఆ బిట్ ముక్కు చెబుతుంది.

తెలుగులో హోల్‌ని ఏమనాలి సార్?

రంధ్రం అని పరీక్షలో రాయండి. ఇంట్లో గోడకైతే బెజ్జం, బకెట్‌కైతే చిల్లు. షెడ్డులో మాత్రం హోల్ అనే అంటారు. నేనొకసారి ఫోన్‌లో ‘ఎనిమిది రంధ్రాలు’ అన్నాను. అవతల కాసేపు ఏమీ వినపడలేదు. తర్వాత, ‘హోల్సేనా అన్నా?’ అన్నాడు.